డప్పు ఎవరిది? చాటింపు ఎవరిది?
సోషల్ మీడియా వాడకంపై పరిశోధనలు: ఒక విమర్శ

జనం వాట్సాప్, ఫేస్‌బుక్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ ఎందుకు వాడుతున్నారు? ఈ ప్రశ్న మీద మన యూనివర్శిటీల్లో థీసిస్‌లు కుప్పలుగా వస్తున్నాయి. మేనేజ్‌మెంట్, జర్నలిజం, లైబ్రరీ సైన్స్, ఎడ్యుకేషన్... శాఖ ఏదైనా ప్రశ్నాపత్రం మాత్రం దాదాపు ఒకటే. 'ఈ యాప్ నాకు ఉపయోగపడుతుంది.' 'ఈ యాప్ వాడటం సులువు.' 'నాకు ముఖ్యమైనవాళ్లు నేను దీన్ని వాడాలనుకుంటారు.' ప్రతి వాక్యం పక్కనా అయిదు గళ్లు. పూర్తిగా ఒప్పుకుంటాను అనే దగ్గర్నుంచి అసలు ఒప్పుకోను అనేదాకా. టిక్కు పెడితే చాలు.

ఆ ప్రశ్నాపత్రం పట్టుకుని మేమూ మా ఊరు పోయాం. ప్రకాశం జిల్లాలో ఊరు, అందులో మాది మాదిగపల్లె. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. కాబట్టి మా చేతిలో కాయితం చూస్తే పల్లెలో ఒక నమ్మకం ఉంటుంది, ఇది ఏదో పింఛనుకో ఇంటి స్థలానికో పనికొస్తుందని. పొగాకు గ్రేడింగు నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్న చిన్నమ్మని కూర్చోబెట్టి, మొదటి వాక్యం చదివి వినిపించాం. వాట్సాప్ నీకు ఉపయోగపడుతుందా? ఆమె తిరిగి మమ్మల్నే అడిగింది: "ఏ గ్రూపు సంగతి అబ్బయ్యా? ఊరి గ్రూపా, మన పల్లె గ్రూపా?"

మా కాయితంలో ఆ రెంటికీ వేర్వేరు గళ్లు లేవు. ఒకటే యాప్, ఒకటే గడి. ఈ విమర్శ అక్కడ మొదలైంది.

సిద్ధాంతం ఎక్కడ పుట్టింది?

ఈ ప్రశ్నాపత్రాల మూలం వెతుక్కుంటూ పోతే అమెరికాలో తేలతాం. ఫ్రెడ్ డేవిస్ అనే పరిశోధకుడు 1989లో టెక్నాలజీ యాక్సెప్టెన్స్ మోడల్‌కి పునాది అయిన వ్యాసం అచ్చు వేశాడు. కొత్త సాధనాన్ని మనిషి ఒప్పుకోవాలంటే రెండు నమ్మకాలు కావాలన్నాడు. ఒకటి, దీనివల్ల నాకు ఉపయోగం ఉంది. రెండు, దీన్ని వాడటం కష్టం కాదు. ఆ వ్యాసం కోసం ఆయన అడిగింది 152 మందిని. టొరంటోలోని ఐబీఎం ప్రయోగశాల ఉద్యోగుల్ని, బోస్టన్ యూనివర్శిటీ ఎంబీఏ విద్యార్థుల్ని. అడిగింది ఆఫీసు పనికొచ్చే నాలుగు కంప్యూటర్ ప్రోగ్రాముల గురించి.

2003లో వెంకటేశ్, మోరిస్, ఇద్దరు డేవిస్‌లు కలిసి అప్పటిదాకా ఉన్న ఎనిమిది నమూనాలను ఒకటిగా అల్లారు. పని జరుగుతుందన్న ఆశ, శ్రమ ఎంతన్న అంచనా, చుట్టూ ఉన్నవాళ్ల ప్రభావం, అందుబాటులో ఉన్న వసతులు. ఈ నాలుగూ వాడకాన్ని నిర్ణయిస్తాయన్నారు. మనిషి ఆడా మగా, వయసెంత, అనుభవమెంత, వాడేది ఇష్టంతోనా ఒత్తిడితోనా అన్నదాన్నిబట్టి వీటి బలం మారుతుందన్నారు. 2012లో అదే నమూనాని మామూలు వినియోగదారుల దగ్గరికి తెచ్చారు. సరదా, ధర, అలవాటు అనే మూడు కారణాలు చేర్చారు. ఈసారి అడిగింది హాంకాంగ్‌లో మొబైల్ ఇంటర్నెట్ వాడేవాళ్లని. కొనుక్కునేవాడు తన ఇష్టంతోనే కొంటాడు కదా అని 'ఇష్టంతోనా ఒత్తిడితోనా' అన్న ప్రశ్నని అక్కడ తీసేశారు.

ఈ సిద్ధాంతాన్ని మేం చెత్తబుట్టలో వేయమనడం లేదు. ధర సంగతే చూడండి. 2016 సెప్టెంబర్ 5న జియో మొదలై, 2017 మార్చి 31 దాకా డేటా ఉచితంగా ఇచ్చింది. ఆ తర్వాత 1500 రూపాయల డిపాజిట్‌తో మీటల ఫోను వచ్చింది. 2018 సెప్టెంబర్‌లో ఆ ఫోనులోకి వాట్సాప్ వచ్చింది. మా పల్లెలో చాలా ఇళ్లకి ఇంటర్నెట్ అంటే మొదట తెలిసింది అప్పుడే. ధర దిగకపోతే ఇది జరిగేది కాదు. వసతుల మాటా నిజమే. 2020 జూన్ 1న కేరళలోని మలప్పురం జిల్లాలో, ఆన్‌లైన్ పాఠాలు వినడానికి ఇంట్లో ఫోనూ పనిచేసే టీవీ లేక ఒక దళిత విద్యార్థిని ప్రాణం తీసుకుంది. 'వసతులు' అన్న ఒక్క మాట వెనక ఎంత ఉందో ఆ మరణం చెబుతుంది.

టొరంటో ఆఫీసులో పుట్టిన నమూనాలో కులం లేదని మేం డేవిస్ మీద కేసు పెట్టబోవడం లేదు. మా తగాదా ఇక్కడివాళ్లతో. ఆ ప్రశ్నల్ని మక్కీకి మక్కీ తెలుగు చేసి, మొదటి పేజీలో మాత్రం 'సామాజిక వర్గం: ఓసీ, బీసీ, ఎస్సీ, ఎస్టీ' అని ఒక వరస చేరుస్తారు. టిక్కులు లెక్కపెట్టి ఒక పట్టిక వేస్తారు, ఇంతమంది ఎస్సీలు, ఇంతమంది బీసీలు అని. అంతే. నాలుగో అధ్యాయంలో కులం పట్టికగా కనబడుతుంది, అయిదో అధ్యాయంలో విశ్లేషణ మొదలయ్యేసరికి మాయమవుతుంది. వయసు మనిషి వాడకాన్ని మారుస్తుందట, ఆడా మగా తేడా మారుస్తుందట, కులం మాత్రం మార్చదట! మన దేశంలో నీళ్లు తాగే పద్ధతిని మార్చిన కులం, ఫోను పట్టుకునే పద్ధతిని మార్చకుండా ఉంటుందా?

ఊరి గ్రూపు, పల్లె గ్రూపు

చిన్నమ్మ అడిగినదాన్ని కొంచెం విప్పి చెప్పాలి. మా ఊరి గ్రూపు పెట్టింది ఊళ్లో పొలాలున్న కులం కుర్రాళ్లు. అడ్మిన్‌లు అందరూ వాళ్లే. కరెంటు ఎప్పుడు పోతుంది, మంచినీళ్లు ఎప్పుడు వదులుతారు, తిరునాళ్లకి ఎంత చందా, ఎవరు చనిపోయారు... ఇవన్నీ అందులో వస్తాయి. పల్లెవాళ్ల నంబర్లు కూడా అందులో కలిపారు. ప్రేమతో కాదు. 'రేపు మిరపకోతకి ఎంతమంది వస్తారు' అని రాత్రి తొమ్మిదింటికి ఒక్క మాట పెడితే చాలు, పల్లెకి మనిషిని పంపే పని తప్పుతుంది. మరి ఈ యాప్ 'ఉపయోగం' ఎవరిది?

ఒక ఏడు ఏప్రిల్ 14న మా పిల్లాడొకడు అంబేద్కర్ విగ్రహానికి దండేసిన ఫొటో ఆ గ్రూపులో పెట్టాడు. ఒక్క బొటనవేలూ లేవలేదు. సాయంత్రానికి అడ్మిన్ రాశాడు: 'గ్రూపులో కుల రాజకీయాలు వద్దు.' అంతకుముందు కార్తీకమాసంలో వాళ్ల కుల వనభోజనాల ఫొటోలు అదే గ్రూపులో వరసపెట్టి పడ్డాయి. అది కులమని ఎవరికీ తోచలేదు! పిల్లాడు ఆ మాటే అడిగాడు. చెప్పాపెట్టకుండా తీసేశారు. ఆ రాత్రే పల్లె గ్రూపు పుట్టింది. అయితే మిగతావాళ్లెవరూ ఊరి గ్రూపు నుంచి బయటికి రాలేదు. కూలి కబురు అందులో వస్తుంది, నీళ్ల కబురు అందులో వస్తుంది. ఎట్లా వస్తారు? చిన్నమ్మ రెండు ముక్కల్లో చెప్పింది: "అందులో చూస్తాం. ఇందులో మాట్లాడుకుంటాం."

ఇప్పుడు ఆమెకి ప్రశ్నాపత్రం ఇస్తే ఏమవుతుంది? 'ఉపయోగపడుతుంది' దగ్గర అయిదుకి అయిదు. 'ముఖ్యమైనవాళ్లు వాడాలనుకుంటారు' దగ్గరా అయిదుకి అయిదే. ఆ 'ముఖ్యమైనవాళ్లు' ఆమెకి కూలి ఇచ్చే ఆసాములు. హాంకాంగ్‌లో తీసేసిన ప్రశ్న, ఇష్టంతోనా ఒత్తిడితోనా అన్నది, మా పల్లెలో అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న. ఒకే మనిషి, ఒకే యాప్‌ని, ఒకే సాయంత్రం ఒక చోట ఒత్తిడితో, ఇంకో చోట ఇష్టంతో వాడుతోంది. రచ్చబండ దగ్గర నిలబడేచోటు వేరు, పల్లెలో వేపచెట్టు కింద కూర్చునేచోటు వేరు. ఫోను ఆ రెండు చోట్లనీ ఒకే అద్దంలోకి తెచ్చింది గానీ కలపలేదు.

ఫోను మన జేబులో ఉంది కాబట్టి కులానికి అందదనుకుంటే పొరపాటు. 2015 మే నెలలో షిరిడీలో అంబేద్కర్ పాటని రింగుటోనుగా పెట్టుకున్నందుకు ఒక దళిత యువకుడిని చంపేశారు. మోగింది అతని సొంత ఫోనే.

మేం ఎందుకు వచ్చాం?

మరి ఇంత తెలిసీ దళితులు ఈ యాప్‌లలోకి ఎందుకు ఎగబడ్డారు? 'సరదా', 'అలవాటు', 'కాలక్షేపం' అనే మాటలతో ఈ ప్రశ్నకి పూర్తి జవాబు రాదు. యాప్‌లకి ముందు ఏం ఉందో చూడాలి.

1920 జనవరి 31న అంబేద్కర్ 'మూక్‌నాయక్' పత్రిక మొదలుపెట్టినప్పుడు, డబ్బులిస్తామన్నా 'కేసరి' పత్రిక దాని ప్రకటన వేయలేదు. 1996 నవంబర్‌లో, అంటే 76 ఏళ్ల తర్వాత, బి.ఎన్. ఉనియాల్ అనే జర్నలిస్టు 'పయనీర్' పత్రికలో ఒక సంగతి రాశాడు. ఒక విదేశీ విలేఖరి ఆయన్ని ఒక దళిత జర్నలిస్టు పేరు చెప్పమన్నాడు. ఢిల్లీలో గుర్తింపు పొందిన విలేఖరుల జాబితా అంతా వెతికినా ఉనియాల్‌కి ఒక్కరూ దొరకలేదు. పేపర్లు మన గురించి రాయలేదని కాదు. చచ్చినప్పుడు రాశాయి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగుర్ని చంపితే రాశాయి. 1991 ఆగస్టు 6న చుండూరులో చంపితే రాశాయి. కానీ ఆ వార్త రాసేచోట మనం లేం. కారంచేడు బాధితులు చీరాల చేరి శిబిరం పెట్టాకే, జనం కాలినడకన, బస్సుల్లో వచ్చి వాళ్ల నోటి మాట విన్నాకే అసలు సంగతి లోకానికి తెలిసింది. 'నలుపు' వంటి పత్రికలు ఆ అవసరం నుంచే పుట్టాయి. ఒక్కో సంచిక తేవడానికి కాయితం ఖర్చు, అచ్చు ఖర్చు, పోస్టు ఖర్చు కోసం ఎంత తిరగాలో చిన్న పత్రిక నడిపినవాళ్లందరికీ తెలుసు.

ఆ ఆకలి మీద పడింది ఫోను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్శిటీలో 2015 ఆగస్టులో గొడవకి మొదలు ఒక ఫేస్‌బుక్ వ్యాఖ్య. అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ వాళ్లని గూండాలంటూ ఇంకో విద్యార్థి సంఘం నాయకుడు రాశాడు. దాని వెంట ఆరోపణలు, సస్పెన్షన్, హాస్టల్ నుంచి గెంటివేత. అయిదుగురు విద్యార్థులు క్యాంపస్‌లోనే 'వెలివాడ' కట్టుకుని ఆరుబయట పడుకున్నారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల మరణించాడు. అతని ఆఖరి ఉత్తరం ఏ సంపాదకుడి అనుమతీ లేకుండా ఫోను నుంచి ఫోనుకి దేశమంతా తిరిగింది. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు తీర్పు ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని నీరుగార్చినప్పుడు, ఏప్రిల్ 2న భారత్ బంద్ జరిగింది. పెద్ద పార్టీ ఏదీ పూనుకుని పిలవకుండానే, వాట్సాప్ కబుర్ల మీద ఊళ్లకి ఊళ్లు కదిలాయి. పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని సవరించి పాత బలం తిరిగి ఇవ్వాల్సి వచ్చింది.

దీన్ని ఏ గడిలో వేస్తారు? 'ఉపయోగం' అనా? సాక్ష్యం చెప్పే హక్కు లేనివాడికి సాక్ష్యం చెప్పే చోటు దొరకడాన్ని ఉపయోగం అనరు. మా దృష్టిలో దళితులని ఈ యాప్‌లలోకి నెట్టిన పెద్ద కారణం ఇదే. మిగతా చోట్ల తలుపులు మూసి ఉండటం. సిద్ధాంతం యాప్ లోపల ఉన్న ఆకర్షణని కొలుస్తుంది. బయట ఉన్న వెలిని కొలవదు.

కొట్టినవాడి ఫోను

అయితే ఇక్కడితో ఆగితే అది విమర్శ కాదు, మనకి మనం చదువుకునే మానపత్రం అవుతుంది. 2016 జూలై 11న గుజరాత్‌లోని ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితుల్ని పట్టుకుని, బట్టలూడదీసి, బండికి కట్టి కొట్టారు. ఆ వీడియో తీసింది మనవాళ్లు కాదు. కొట్టినవాళ్లే తీసి, గొప్పగా చెప్పుకోవడానికి పంచుకున్నారు. వాళ్లకి ఆ యాప్ ఎందుకు కావాల్సి వచ్చింది? వెనకటికి నడిబజారులో చేసిన అవమానం నలుగురే చూసేవాళ్లు. ఇప్పుడు లోకమంతా చూడాలి. ఆధిపత్యానికి ప్రేక్షకులు కావాలి, యాప్ వాళ్లని సమకూర్చింది. ఇదీ వాడకానికి ఒక కారణమే. ఏ నమూనాలోనైనా ఉందా?

అదే వీడియో దళితుల చేతికొచ్చాక కథ తిరగబడింది. గుజరాత్‌లో దళితులు చచ్చిన పశువుల్ని తెచ్చి కలెక్టరాఫీసు ముందు పడేశారు, మీ గోమాతని మీరే ఎత్తుకోండని. యాప్ ఒకటే, వీడియో ఒకటే. పంపినవాడి కారణం వేరు, అందుకున్నవాడి కారణం వేరు.

సరదా సంగతి

ఉద్యమంలో ఉన్న మనకి ఇంకో జబ్బు ఉంది. దళితుడు ఫోను పట్టుకుంటే పోరాటానికే పట్టుకోవాలనుకుంటాం. మా పల్లె పిల్లలు టిక్‌టాక్‌లో గంతులేస్తుంటే మేమే విసుక్కున్నాం, చదువు చట్టుబండలు చేసుకుంటున్నారని. తర్వాత ఆలోచిస్తే సిగ్గేసింది. చేలో కలుపుతీత మధ్య, రేకుల ఇంటి ముందు నిలబడి, మంచి చొక్కా వేసుకుని ఒక పిల్లాడు ఆడుతున్నాడు. సినిమాలో అతని ఇల్లు ఎన్నడూ ఇల్లుగా కనబడలేదు. ఇక్కడ కనబడుతోంది. నన్ను చూడండి అనడం చిన్న కోరిక కాదు. చూస్తేనే అంటు అన్న సమాజంలో అది పెద్ద మాట. సరదా అనే గడి అమెరికావాడికీ మనకీ ఒకటే కావచ్చు, ఆ సరదాకి తగిలే రాళ్లు ఒకటి కావు. ఆ పిల్లల్ని చవకబారు అని ఎగతాళి చేసినవాళ్లు ఎవరో, వాళ్ల ఇళ్లు ఎట్లా ఉంటాయో చూస్తే చాలు.

2020 మార్చిలో 'ది ఇంటర్‌సెప్ట్' పత్రిక టిక్‌టాక్ లోపలి కాయితాలు బయటపెట్టింది. అందవిహీనంగా ఉన్నవాళ్లని, మురికివాడల్ని, పాడుబడ్డ ఇళ్లని చూపించే వీడియోలని కొత్తవాళ్లకి చేరనివ్వొద్దని వీడియోల్ని జల్లెడపట్టే సిబ్బందికి రాసిన సూచనలు అందులో ఉన్నాయి. అందరికీ వేదిక అన్నవాళ్ల గుట్టు ఇది. అదే ఏడు జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లని నిషేధించింది. ఒక్క రాత్రిలో మా పిల్లాడు చేసిన వీడియోలన్నీ అందకుండా పోయాయి. అతన్ని ఎవరూ అడగలేదు. జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చింది. పిల్లాడు అక్కడికి పోయి మళ్లీ మొదటి మెట్టు దగ్గర నిలబడ్డాడు.

డప్పు ఎవరిది?

ఇక్కడ మా తాతల పని గుర్తుకు తెచ్చుకోవాలి. ఊళ్లో మొదటి ప్రసార సాధనం మాదిగ భుజాన ఉండేది. డప్పు కొట్టి, వీధి వీధీ తిరిగి, 'ఇందుమూలంగా తెలియజేయడమేమనగా' అని చాటింపు వేసింది మావాళ్లే. డప్పు మాది, గొంతు మాది, నడిచిన కాళ్లు మావి. చాటిన మాట మాత్రం మునసబుది, కరణానిది. మా గొంతుతో మా గురించి ఒక్క మాట చాటే హక్కు మాకు లేదు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన మాదిగ దండోరా ఆ లెక్కని తిరగేసింది. అదే డప్పు, మాట మాత్రం మాది.

ఇవాళ ఫోనులో జరుగుతున్నది దీనికి ఇంకో తలకిందులు. మాట మాది, డప్పు మాది కాదు. వాట్సాప్‌ని ఫేస్‌బుక్ 2014లో సుమారు 1900 కోట్ల డాలర్లకి కొన్నది. మన మాట వినడానికి కాదు గదా! మనం ఎవరితో ఎంతసేపు మాట్లాడామో ఆ లెక్కే వాళ్లకి సరుకు. మన కోపం కూడా సరుకే. ఎంత తిట్టుకుంటే అంతసేపు ఫోను కిందపెట్టం. 2024 ఆగస్టు 1న వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మాల గ్రూపుల్లో మాదిగల మీద, మాదిగ గ్రూపుల్లో మాలల మీద ఏం రాశారో మన ఫోనుల్లోనే ఉంది. ఎదురెదురుగా కూర్చుంటే అనలేని మాటలు అందులో అన్నాం. వాదం ఉండొచ్చు, ఉండాలి కూడా. ఆ బూతుల వల్ల లాభపడింది ఎవరో ఆలోచించామా?

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. పల్లె గ్రూపులో మాట్లాడుకుంటాం అని చిన్నమ్మ అంది. తర్వాత మేం ఆ గ్రూపు అంతా వెనక్కి తిప్పి చూస్తే ఆమె పెట్టిన మాట ఒక్కటీ లేదు. అడిగితే నవ్వింది. "మగోళ్ల మజ్జలో ఏం మాట్లాడతామయ్యా, ఇంటామంతే." ఊరి గ్రూపులో కులం ఆమె నోరు నొక్కింది, సరే. పల్లె గ్రూపులో నొక్కింది ఎవరు? అడ్మిన్‌లం మనమే కదా.

ఏం అడగాలి?

విద్యార్థి మిత్రులకి మా మనవి ఇది. ప్రశ్నాపత్రం పక్కన పడేయొద్దు, తిరగరాయండి. ఫోను ఎవరిది, రోజులో ఎంతసేపు చేతికి వస్తుంది, ఏ గ్రూపులో ఉన్నావు, ఎవరు కలిపారు, ఎవరు తీసేశారు, ఎక్కడ చూసి ఊరుకుంటావు, ఎక్కడ మాట్లాడతావు, ఏం రాసి చెరిపేశావు, అందులోంచి బయటికొస్తే కూలి పోతుందా అని అడగండి. రాసినవాళ్లని లెక్కపెట్టినట్టే రాయనివాళ్లనీ లెక్కపెట్టండి. కులాన్ని మొదటి పేజీ పట్టికలో వదిలేయకుండా చివరి పేజీదాకా వెంట తీసుకుపొండి.

కార్యకర్తలకీ ఒక మాట. దాడి జరిగిన రాత్రి తీసిన వీడియో ఫోనులోనే ఉంచి నిద్రపోవద్దు. యాప్ మూతపడొచ్చు, పేజీ ఎగిరిపోవచ్చు, ఫోను నీళ్లలో పడొచ్చు. తేదీ, చోటు, సాక్షుల మాట కాయితం మీద రాసి దాచండి. లైకులు కేసు నిలబెట్టవు. కారంచేడు చీరాల శిబిరంలో కూర్చుని మాట్లాడినందువల్ల నిలబడింది. యాప్ జనాన్ని పిలుస్తుంది, కూర్చోబెట్టదు. ఆ పని మనమే చేయాలి.

మేం మా ప్రశ్నాపత్రం చించేశాం. మా గైడుకి కొంచెం కోపం వచ్చింది, మళ్లీ ఒక ఏడు వెనక్కి పోతావన్నారు. పోయినా ఫర్లేదు. ఈసారి మొదటి ప్రశ్నగా చిన్నమ్మ మమ్మల్ని అడిగిందే రాసుకున్నాం: ఏ గ్రూపు సంగతి? ఆ ప్రశ్నతో ముందుగా ఆమె దగ్గరికే పోతాం. ఈసారి ఆమె మాట్లాడుతుంటే మేం వింటాం.